ఇంజనీరింగ్ సీటు: మనం చెప్పగలిగే మాట

(సంఘం స్వర్ణోత్సవ సభలో 1985 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవం అన్నాక జ్ఞాపకాలు చెప్పుకోవాలి. పొద్దుటి నుంచి చెప్పుకుంటూనే ఉన్నాం. వేపచెట్టు అయింది, డ్రిల్లు మాస్టారి విజిలు అయింది, లెక్కల మాస్టారి బెత్తం గురించి నలుగురు చెప్పారు. ఐదోసారి నేను చెబితే మాస్టారే లేచి ఆపుతారేమో! అందుకని కార్యదర్శిగారు ఇచ్చిన ఈ ఇరవై నిమిషాలూ ఒకే విషయం మాట్లాడతాను. ఏటా మే, జూన్ నెలల్లో మనలో ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళందరికీ ఊరి నుంచి వచ్చే ఫోన్ల గురించి.

"ఒరే, మావాడికి ర్యాంకు సరిగ్గా రాలేదురా. నువ్వు ఇంజనీరువి కదా. నీకు తెలిసిన కాలేజీలో ఓ సీటు మాట్లాడిపెట్టు."

ఈ మాట వినని ఇంజనీరు ఈ హాల్లో ఉండడు. అడిగేవాడు మనతో బెంచీ పంచుకున్నవాడు. అతని ఇంట్లో ఇంజనీరింగ్‌కి వెళ్తున్న మొదటి బిడ్డ. "మాట్లాడిపెట్టు" అన్న ఆ ఒక్క మాటలోనే అసలు సంగతి ఉంది. ప్రైవేటు కాలేజీలో సీటంటే పలుకుబడితోనో డబ్బుతోనో వచ్చేదని వాళ్ళ నమ్మకం. దానికొక నియమం ఉందనీ, తేదీలు ఉన్నాయనీ, పోయిన ఏడాది ఏ ర్యాంకుకి ఏ సీటు వచ్చిందో కాగితం మీద దొరుకుతుందనీ వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు. చెప్పేవాడు లేనిచోట ఏజెంటు వచ్చి కూర్చుంటాడు. ఇంజనీరింగ్ సీటు కోసం మన ఊళ్ళో ఏటా ఒకటో రెండో ఎకరాలు చేతులు మారుతున్నాయి. అవన్నీ అవసరమై అమ్మినవి కావని నా అనుభవం. దాని గురించే ఈ మాటలు.

ముందు కాస్త వెనక్కి వెళ్ళొద్దాం.

మన తండ్రుల కాలంలో ఇంజనీరింగ్ అంటే ప్రభుత్వ కళాశాలలే. కాకినాడ, అనంతపురం, వాల్తేరు, తిరుపతి, ఉస్మానియా, వరంగల్ ఆర్‌ఈసీ. వేళ్ళ మీద లెక్కపెట్టేయొచ్చు. 1977లో విజయవాడలో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. రాష్ట్రంలో ప్రైవేటు యాజమాన్యం కింద అదే మొదటిది. తర్వాత నాలుగేళ్ళలో గండిపేటలో చైతన్య భారతి, విశాఖలో గీతం, భీమవరంలో ఎస్‌ఆర్‌కేఆర్, బాపట్ల ఇంజనీరింగ్ కళాశాల, ఇలా వరుసగా వచ్చాయి. వాటి పుణ్యాన కొన్ని వేలమంది ఇంజనీర్లయ్యారు, ఆ మాట ముందే ఒప్పుకోవాలి. ఆ రోజుల్లోనే డొనేషన్ అనే మాట కూడా ఊళ్ళలోకి వచ్చింది. మన జిల్లాల పిల్లలు సీటు కొనుక్కోడానికి కర్ణాటక రైళ్ళెక్కారు.

1983లో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ చట్టం చేసింది. 1986లో ఎంసెట్ మొదలైంది. నేను 1987లో రాశాను. నాకు సీటొచ్చింది ప్రైవేటు కాలేజీలోనే, కాని ర్యాంకు మీద వచ్చింది. మా నాన్నగారు గట్టు మీద నిలబడి అమ్మకానికి చూడాల్సిన అవసరం లేకుండా వచ్చింది. నా తెలివి ఎంతున్నా, ఆ చట్టం, ఆ పరీక్ష నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చి ఉంటే నేను ఇవాళ ఈ వేదిక మీద ఇంజనీరుగా నిలబడేవాణ్ణి కాదు. నియమం ఉంటే బీదవాడికి ఏం ఒరుగుతుందో నాకు స్వయంగా తెలుసు.

తర్వాత ఈ విషయం సుప్రీంకోర్టుకి చాలాసార్లు వెళ్ళింది. 1993లో వచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పులో ఎదుటి పక్షం మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. ఆ తీర్పుతో ప్రైవేటు కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అన్న పద్ధతి వచ్చింది. మీలో 90ల బ్యాచ్‌ల వాళ్ళకి ఆ మాటలు గుర్తుండే ఉంటాయి. 2002లో పదకొండుమంది న్యాయమూర్తులు టీఎంఏ పాయ్ కేసులో ఆ పద్ధతిని పక్కన పెట్టారు. 2003లో ఫీజులకీ ప్రవేశాలకీ కమిటీలు ఉండాలన్నారు. 2005లో ఇనాందార్ కేసులో మరో తీర్పు. ఇన్ని మలుపుల్లోనూ మారని మాట ఒకటుంది. ఫీజు వేరు, క్యాపిటేషన్ వేరు. కాలేజీ నడవడానికి ఫీజు తీసుకోవచ్చు. సీటుకి వెల కట్టి, రసీదు లేకుండా తీసుకోవడం మాత్రం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున మొదలయ్యాక కాలేజీలు వర్షాకాలం పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఏడు వందలు దాటాయి. వాటిలో చాలా మూతపడ్డాయి కూడా. మన నాటి సమస్య సీటు దొరక్కపోవడం. నేటి పిల్లల సమస్య వేరు. సీట్లు బోలెడు, వాటిలో మంచిదేదో తెలియకపోవడం.

సరే, ఇప్పుడున్న నియమం ఏమిటి? చాలామందికి తెలిసిందే, అయినా చెబుతాను. ఎందుకంటే మనల్ని అడిగేవాళ్ళకి మనం తప్పు లేకుండా చెప్పాలి.

మన రాష్ట్రంలో ఎంసెట్ పేరు 2021 నుంచి ఈఏపీసెట్ అయింది. 160 ప్రశ్నలు, 160 మార్కులు. అందులో లెక్కలకే 80. తప్పు రాస్తే మార్కులు తగ్గించరు. ర్యాంకుకి పరీక్ష మార్కులు 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులు 25 శాతం లెక్కేస్తారు. ప్రైవేటు కాలేజీలో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా. అవి ర్యాంకు, రిజర్వేషన్ల ప్రకారం వెబ్ కౌన్సెలింగ్‌లో నింపుతారు. మిగిలిన 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా, బి కేటగిరీ అంటారు. ఎన్నారై సీట్లు అందులోవే. రాష్ట్రంలోని ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో కూడా 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో ఉన్నాయి. ఈ ఒక్క సంగతి తెలియక, పెద్ద పేరున్న విశ్వవిద్యాలయమంటే డబ్బున్న వాళ్ళకేనని దరఖాస్తే పెట్టని పిల్లల్ని నేను చూశాను.

ఇక్కడ రెండు విషయాలు గట్టిగా చెప్పాలి. మేనేజ్‌మెంట్ కోటా అంటే యాజమాన్యం ఇష్టమొచ్చినవాళ్ళకి ఇచ్చే సీటని అందరూ అనుకుంటారు. నియమం అలా లేదు. దానికీ నోటిఫికేషన్ ఉండాలి, దరఖాస్తులు తీసుకోవాలి, జేఈఈ మెయిన్ ర్యాంకులున్న వాళ్ళకి ముందు ఇవ్వాలి. రెండోది ఇంకా ముఖ్యం. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్ళకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. "ఇప్పుడు డబ్బు కట్టి చేరండి, తర్వాత రీయింబర్స్‌మెంట్ మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే, అక్కడి నుంచి లేచి వచ్చేయమని చెప్పండి.

మూడేళ్ళ కిందట నా క్లాస్‌మేట్ ఒకడు ఫోన్ చేశాడు. వాళ్ళబ్బాయికి నలభై వేల పైన ర్యాంకు. ఒక పెద్ద కాలేజీలో కంప్యూటర్ సైన్స్ మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తానని ఒక కన్సల్టెన్సీ అతను పన్నెండు లక్షలు చెప్పాడు. సగానికి రసీదు ఉండదట. చెరువు కింద ఎకరానికి బేరం కూడా కుదిరింది. "సోమవారం అడ్వాన్సు ఇస్తారు, నువ్వు ఆ కాలేజీ మంచిదేనని ఒక్కమాట చెప్పు" అన్నాడు.

నేను శనివారం ఊరొచ్చాను. ముందటేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచికి ఏ కేటగిరీలో చివరి ర్యాంకు ఎంతో, ఆ జాబితా ముందేసుకుని ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. వాళ్ళబ్బాయి ర్యాంకుకి, వాళ్ళ కేటగిరీకి, నలభై కిలోమీటర్లలోపే రెండు కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ సీటు వచ్చే వీలు కనిపించింది. అందులో ఒకదానికి ఆ బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు ఉంది. కన్వీనర్ కోటా కాబట్టి రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మావాడు ఆ జాబితాని చాలాసేపు చూశాడు. "ఇది అందరికీ కనబడేదేనా?" అని అడిగాడు. "అందరికీ కనబడేదే" అన్నాను. "మరి నాకెవరూ చెప్పలేదే!" అన్నాడు.

ఆ అబ్బాయి ఇప్పుడు అదే కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. ఎకరం ఎకరంలాగే ఉంది. నేను చేసిన ఉపకారం ఏమిటి? ఒక కాగితం చూపించాను, అంతే.

ఇంకో ఇంటి కథ ఇలా ముగియలేదు. పేర్లు వద్దు. వాళ్ళు మనల్ని అడగలేదు, ఏజెంటునే నమ్మారు. రసీదు లేకుండా నాలుగు లక్షలు ఇచ్చి, ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ కాలేజీలో అప్పజెప్పారు. పది రోజులకి కన్వీనర్ కోటాలో ఇంకోచోట మంచి సీటొచ్చింది. వెళ్ళిపోతామంటే సర్టిఫికెట్లు ఇవ్వనన్నారు. అప్పుడు మన సంఘంలో లాయరుగారి దగ్గరికి వచ్చారు. కాలేజీలు విద్యార్థి ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆయన ఆ నిబంధన రాసి ఒక ఉత్తరం పంపగానే సర్టిఫికెట్లు వచ్చాయి. కట్టిన ట్యూషన్ ఫీజుకి రసీదు ఉంది కాబట్టి అదీ వచ్చింది. తరగతులు మొదలవకముందే మానుకుంటే వెయ్యి రూపాయలకి మించి కోయకుండా తిరిగివ్వాలన్నది నిబంధన. రసీదు లేని నాలుగు లక్షలు మాత్రం రాలేదు. ఇచ్చినట్టు ఏమిటి ఆధారం? ఆ తల్లి మెడలో ఇప్పుడు పసుపుతాడే ఉంది. ఈ కబురు నాకు చెప్పింది ఆవిడే.

ఇక కాలేజీ ఎంచుకోవడం. ఈ విషయంలో ఇంజనీరుగా నాకు తెలిసింది చెబుతాను. నేను సివిల్ ఇంజనీరుని. ముప్పై ఏళ్ళ పైబడి వంతెనలు, భవనాలు కట్టే పనిలో ఉన్నాను. పదిహేనేళ్ళుగా కొత్తగా చదివి వచ్చినవాళ్ళని ఇంటర్వ్యూ చేసే పని కూడా నా మీద పడింది. నేను అందరినీ ఒక చిన్న ప్రశ్న అడుగుతాను. "యాభై కిలోల సిమెంటు బస్తా. నీరు, సిమెంటు నిష్పత్తి 0.5. ఎన్ని లీటర్ల నీళ్ళు పోస్తావు?" అందరూ టక్కున ఇరవై ఐదు అంటారు. లెక్క సరైనదే. ఒకసారి ఒక అమ్మాయి మాత్రం జవాబు చెప్పకుండా నన్నే ఎదురడిగింది. "ఇసుక తడిగా ఉందా, పొడిగా ఉందా సార్?"

తడి ఇసుకలో ఉన్న నీరు కూడా లెక్కలోకి వస్తుంది కదా. అది మర్చిపోయి ఇరవై ఐదు లీటర్లూ పోస్తే కాంక్రీటు బలం తగ్గుతుంది. వానాకాలం సైటు మీద పనిచేసిన మేస్త్రీకి తెలిసిన సంగతి అది. ఆ అమ్మాయిది పెద్ద పేరున్న కాలేజీ కాదు. ఒక చిన్న పట్నంలో ప్రైవేటు కాలేజీ. "ఎవరు నేర్పారమ్మా?" అని అడిగితే, "మా కాంక్రీటు ల్యాబులో మాస్టారు ప్రతివారం ఇసుక వేయించి తూకం వేయించేవారు సార్" అంది. అదే రోజు ఆవిడ కంటే పది రెట్లు ఖరీదైన సీట్లో చదివినవాళ్ళు ముగ్గురు వచ్చారు. ల్యాబు రికార్డు సీనియర్ల దగ్గర చూసి రాశామని నవ్వుతూ చెప్పారు.

అందుకే కాలేజీ చూడ్డానికి వెళ్ళే తల్లిదండ్రులకి నేను చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. సంచికలో అచ్చవుతుంది కాబట్టి వివరంగానే చెబుతాను.

కాలేజీకి పనిదినాన వెళ్ళండి. రిసెప్షన్‌లో ఏసీ గది, గోడ మీద ఫొటోలు చూసి వెనక్కి రావద్దు. ల్యాబు చూపించమనండి. యంత్రాల మీద దుమ్ముందో, పిల్లల చేతి మరకలున్నాయో చూడండి. మరకలుంటే మంచి కాలేజీ. గేటు బయట టీ కొట్టు దగ్గర మూడో సంవత్సరం పిల్లలు దొరుకుతారు. వాళ్ళని ఒక్కటే అడగండి. "ఈ ఏడాది మీ సెక్షన్‌కి ఎంతమంది మాస్టార్లు మధ్యలో మానేశారు?" కాలేజీ ఎలా నడుస్తోందో ఆ జవాబులో తెలిసిపోతుంది. ఏఐసీటీఈ లెక్కన ఇరవైమంది విద్యార్థులకి ఒక అధ్యాపకుడుండాలి. ఆ పేర్లు కాలేజీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఆ పేర్లున్న మనుషులు క్లాసుకి వస్తున్నారా అన్నది పిల్లలే చెప్పాలి.

గుర్తింపుల దగ్గర కొంచెం జాగ్రత్త. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడివిడిగా ఇస్తారు, దానికి గడువు కూడా ఉంటుంది. మెకానికల్‌కి ఉన్న గుర్తింపుని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి కంప్యూటర్ సైన్స్ సీట్లు నింపుకునేవాళ్ళుంటారు. మీ బిడ్డ చేరే బ్రాంచికి ఉందా, ఈ ఏడాదికి ఉందా అని అడగండి. అటానమస్ కాలేజీ అంటే సిలబస్, పరీక్షలు తనే పెట్టుకుంటుందని అర్థం. మంచి చేతుల్లో అది మంచిదే. మార్కులు ధారాళంగా పంచే చేతుల్లో అయితే ఆ మార్కుల పసేమిటో మా ఇంటర్వ్యూ గదిలో తెలిసిపోతుంది.

రోడ్డు పక్కన హోర్డింగుల మీద ప్లేస్‌మెంట్ల లెక్కలు చూస్తుంటాం. ఒక కుర్రాడికి నాలుగు కంపెనీల నుంచి ఆఫర్లు వస్తే నాలుగుగా వేస్తారు. ఫొటో వేసేది అందరికంటే ఎక్కువ జీతం వచ్చినవాడిది. మనం అడగాల్సింది వేరు. "మా బ్రాంచిలో చేరినవాళ్ళు ఎంతమంది, సకాలంలో పాసైనవాళ్ళు ఎంతమంది, ఉద్యోగంలో చేరినవాళ్ళు ఎంతమంది, మధ్యరకం విద్యార్థికి జీతమెంత?" మన పిల్లల్లో ఎక్కువమంది ఆ మధ్యరకంలో ఉండేవాళ్ళే కదా.

కంప్యూటర్ సైన్స్ గురించి ఒక మాట. నేను సివిల్ వాణ్ణి కాబట్టి అసూయ అనుకోకండి! ఇష్టం ఉన్నవాళ్ళు నిక్షేపంగా చదవాలి. అయితే 2024-25 నుంచి ఏఐసీటీఈ బాగా నడిచే కాలేజీల్లో ఒక్కో బ్రాంచికి సీట్ల గరిష్ఠ పరిమితి తీసేసింది. కొన్ని కాలేజీల్లో ఆ ఒక్క బ్రాంచికే సెక్షన్లు ఇంగ్లీషు అక్షరమాలలో సగం దాకా వెళ్ళాయి. అన్ని సెక్షన్లకి సరిపడా చదువు చెప్పేవాళ్ళు ఒక్క వేసవిలో ఎక్కణ్ణుంచి వస్తారు? పన్నెండో సెక్షన్‌లో కంప్యూటర్ సైన్స్ మంచిదా, నలుగురు అనుభవజ్ఞులున్న ఎలక్ట్రికల్ మంచిదా? ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని మాట్లాడితే గాని చెప్పలేం.

వెబ్ ఆప్షన్ల దగ్గర పిల్లలు చేసే పొరపాట్లు రెండు. ఒకటి, "మనకి రాదులే" అని కోరుకున్న కాలేజీని పైన పెట్టకపోవడం. పెడితే పోయేదేం లేదు. జాబితాలో పైనుంచి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకి దొరికే మొదటి సీటు ఇస్తారు. అందుకని ఇష్టమున్న వరుసలోనే పెట్టాలి, పొడుగ్గా పెట్టాలి, చేరడం ఇష్టంలేనిది అసలు పెట్టకూడదు. రెండోది, పాస్‌వర్డ్, ఫోన్‌కి వచ్చే ఓటీపీ వేరేవాళ్ళ చేతిలో పెట్టడం. "మేం ఆప్షన్లు పెట్టిపెడతాం" అని ఇంటికొచ్చేవాళ్ళు మీ బిడ్డ కోసం రారు. ఓ కాలేజీ తరఫున సీట్లు నింపడానికి వస్తారు.

డబ్బు సంగతి. ఫీజు ఎంతో కాలేజీ చెబితే కాదు, మన రాష్ట్రంలో ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ సిఫారసు మీద ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది. మూడేళ్ళకొకసారి మారుస్తారు. ఆ ఉత్తర్వు చూసి, దానికి హాస్టలు, బస్సు కలిపి, నాలుగేళ్ళకీ హెచ్చవేసి ఒక కాగితం మీద రాసుకోమనండి. మొదటి ఏడాది లెక్క చూసి చేరి, మూడో ఏడాది అప్పు కోసం తిరిగేవాళ్ళు చాలామంది. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమైతే ముందు మీరే కట్టమని కాలేజీలు అడగడం మామూలైంది. దానికీ కొంత సిద్ధంగా ఉండాలి. మెరిట్ మీద వచ్చిన సీటుకి ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా బ్యాంకులు విద్యారుణం ఇచ్చే పద్ధతి ఉంది. పొలం అమ్మే ముందు బ్యాంకు గడప ఒకసారి తొక్కమని చెప్పండి.

ఇక్కడ కూర్చున్న పదో తరగతి మాస్టార్లకి ఒక మనవి. ఇంజనీరు కావడానికి ఇంటర్ ఒక్కటే దారి కాదు. పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేసి, ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. నా సైట్లలో పనికొచ్చిన ఇంజనీర్లలో మంచివాళ్ళు చాలామంది ఆ దారిన వచ్చినవాళ్ళే. లెవెల్ మెషిన్ పట్టుకోవడం వాళ్ళకి పదహారో ఏటే వచ్చేసి ఉంటుంది. కార్పొరేట్ జూనియర్ కాలేజీ ఫీజులు కట్టలేని ఇంటికి ఇది ఎంత మేలో మీరు చెబితేనే తెలుస్తుంది. మా లెక్కల మాస్టారు మాకు పరీక్ష ఫారాలు తెచ్చి, సైకిలు మీద ఇంటింటికీ తిరిగి నింపించేవారు. బెత్తం సంగతి అందరూ చెప్పారు, ఈ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను.

చివరిగా సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడతాను. యాభై ఏళ్ళుగా మనం పిల్లలకి పతకాలిచ్చాం, ప్రహరీ గోడ కట్టాం, తాగునీటి ట్యాంకు కట్టాం. అన్నీ మంచి పనులే. యాభై ఒకటో ఏట ఒక బల్ల వేద్దాం. వేసవిలో ఫలితాలొచ్చినప్పటి నుంచి కౌన్సెలింగ్ పూర్తయ్యేదాకా, ప్రతి శని, ఆదివారాలు మన బడి కంప్యూటరు గదిలో ముగ్గురం కూర్చుందాం. ఒక ఇంజనీరు, ఆర్థికం తెలిసినవాళ్ళొకరు, ఈమధ్యే బీటెక్ పూర్తిచేసిన చిన్నవాళ్ళొకరు. చిన్నవాళ్ళు తప్పనిసరిగా ఉండాలి. మా తరం సలహాలకి తుప్పు పడుతుంది, వాళ్ళకి నిన్నటి సంగతి తెలుసు. ముందటేటి చివరి ర్యాంకుల జాబితా, ఫీజుల ఉత్తర్వు, తేదీల పట్టిక అచ్చువేసి గోడకి అంటిద్దాం.

ఆ బల్లకి నాలుగు కట్టుబాట్లు పెట్టుకుందాం. ఏ కాలేజీ నుంచీ ఒక్క రూపాయి, ఒక్క భోజనం తీసుకోకూడదు. మనలో కాలేజీలు నడిపేవాళ్ళు, వాటిలో పనిచేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చోకూడదు, వాళ్ళు కూడా ఒప్పుకుంటారని నా నమ్మకం. పిల్లల పాస్‌వర్డులు మనం ముట్టుకోకూడదు, ఆప్షన్లు పిల్లలే పెట్టుకోవాలి. మాట్లాడేటప్పుడు పిల్లవాడితో ముందు మాట్లాడాలి, తండ్రితో తర్వాత.

దీనికి ఖర్చు పెద్దగా ఏమీ లేదు. కాగితాలకీ టీలకీ అయ్యే ఖర్చు మా 1985 బ్యాచ్ భరిస్తుంది. పోయిన వారమే అనుకున్నాం. మాకు కావాల్సింది మనుషులు. వారానికొక పూట ఇవ్వగలిగినవాళ్ళు భోజనాలప్పుడు కార్యదర్శిగారి దగ్గర పేరు రాయించండి. ఊళ్ళో లేనివాళ్ళు, అమెరికాలో ఉన్నవాళ్ళు ఫోన్‌లో కూర్చోవచ్చు. మనకి శనివారం పొద్దున్న అయితే వాళ్ళకి శుక్రవారం రాత్రి, ఇబ్బంది లేదు.

మొదటి ఏడాది పదిమంది పిల్లలు వస్తారేమో. ఆ పదిళ్ళలో ఒక్క ఇంట్లో ఎకరం అమ్మకుండా ఆగినా, ఒక్క అమ్మాయి తనకి రాదనుకున్న సీట్లో చేరినా, ఈ ఏడాది మనం చేసిన పనుల్లో అదే పెద్దదవుతుంది.